ఆదిత్య 369: వెనక్కి బాగా నడిచిన కాలయంత్రం

‘ఆదిత్య 369’ 1991 జూలై 18న విడుదలైన తెలుగు చిత్రం. దర్శకుడు సింగీతం శ్రీనివాసరావు, నిర్మాత శివలెంక కృష్ణప్రసాద్, సమర్పకుడు ఎస్.పి. బాలసుబ్రహ్మణ్యం. నందమూరి బాలకృష్ణ ఇందులో రెండు పాత్రలు వేశారు: ఒకటి నేటి కాలపు కృష్ణకుమార్, రెండోది విజయనగర ప్రభువు శ్రీకృష్ణదేవరాయలు. మోహిని కథానాయిక. కాలయంత్రాన్ని తయారుచేసిన ప్రొఫెసర్‌గా టిన్ను ఆనంద్, ప్రతినాయకుడు రాజావర్మగా అమ్రీష్ పురి నటించారు. జంధ్యాల మాటలు రాయగా ఇళయరాజా సంగీతం ఇచ్చారు. కాలయంత్రాన్ని కథకు ఇరుసుగా చేసుకున్న తెలుగు సినిమా అనగానే మూడు దశాబ్దాల తర్వాత కూడా ముందు గుర్తొచ్చేది ఇదే.

చిత్రం గొప్పతనం గురించి మాత్రం రెండు వాదనలున్నాయి. తెలుగు సినిమా అంతకుముందు వెళ్లని చోటికి వెళ్లిందనీ, చిన్నపిల్లల నుంచి పెద్దల వరకు అందరికీ అర్థమయ్యేలా కాలప్రయాణాన్ని చెప్పిందనీ ఒక వాదన. శాస్త్రం పేరు పెట్టుకున్న జానపద చిత్రమే ఇది, యంత్రాన్ని తీసేసి మాయకంబళి పెట్టినా కథ నడుస్తుందని రెండో వాదన. రెండింటిలోనూ నిజం ఉంది. సినిమాలోని మూడు కాలాలనూ విడివిడిగా చూస్తే ఏ వాదన ఎక్కడ నిలుస్తుందో తేలుతుంది.

కథ పుట్టిన తీరు

కాలయంత్రం అన్న మాటను లోకానికి ఇచ్చినవాడు ఆంగ్ల రచయిత హెచ్.జి. వెల్స్. 1895లో వెలువడిన ఆయన నవల ‘ది టైమ్ మెషిన్’లో కథానాయకుడు ఒక యంత్రమెక్కి క్రీ.శ. 8,02,701వ సంవత్సరానికి వెళతాడు. అప్పటికి మనుషులు రెండు జాతులుగా చీలిపోయి ఉంటారు. ఒక జాతి నేల మీద సోమరిగా బతుకుతుంది, రెండో జాతి నేల కింద చీకట్లో యంత్రాల మధ్య బతుకుతుంది. విక్టోరియా కాలపు ఇంగ్లండులో యజమానులకూ కూలీలకూ మధ్య ఉన్న దూరం అలాగే పెరుగుతూ పోతే చివరికి ఏమవుతుందన్నది వెల్స్ అడిగిన ప్రశ్న. ఆయన చూపంతా ముందుకే.

సింగీతం ఈ నవలను కాలేజీ రోజుల్లో చదివారు. చాలా ఏళ్ల తర్వాత ఒక విమాన ప్రయాణంలో తన ఆలోచనను బాలసుబ్రహ్మణ్యానికి చెప్పగా, ఆయనకు నచ్చి దాన్ని కృష్ణప్రసాద్ దగ్గరికి చేర్చారు. నవల నుంచి సినిమా తీసుకున్నది యంత్రాన్ని మాత్రమే, ప్రశ్నను కాదు. వెల్స్ బండి ముందుకు పోతే సింగీతం బండి మొదట వెనక్కి తిరిగింది. 1526లో రాయల కొలువుకు వెళ్లింది, ఆ తర్వాతే 2504కు వెళ్లింది. సినిమా బలమూ బలహీనతా రెండూ ఈ మలుపులోనే ఉన్నాయి.

ఈ మలుపు వెనక దర్శకుడి నేపథ్యం కొంత పనిచేసింది. సింగీతం 1931లో నెల్లూరు జిల్లా ఉదయగిరిలో పుట్టారు. గజపతుల మీద యుద్ధంలో కృష్ణదేవరాయలు మొదట ముట్టడించిన కోట ఆ ఉదయగిరిదే. సినిమాల్లో ఆయన కె.వి. రెడ్డి దగ్గర సహాయకుడిగా పనిచేశారు. ఆ రోజుల్లో వచ్చిన ‘మాయాబజార్’ (1957)కూ ఆయన పని చేశారు. అందులో ప్రియదర్శిని పేటిక తెరిస్తే దూరాన ఉన్న ప్రియమైన మనిషి కనిపిస్తాడు. టెలివిజన్ తెలుగు ఇళ్లలోకి రావడానికి ఎన్నో ఏళ్ల ముందు వీడియో కాల్ లాంటి వస్తువును ద్వారకలో పెట్టి, అది ఎలా పనిచేస్తుందని ప్రేక్షకుడు అడగకుండా చేసిన సినిమా అది. అద్భుతాన్ని వివరించడం కన్నా దాని చుట్టూ మనుషుల మధ్య జరిగే తమాషాను చూపించడం ముఖ్యమన్నది కె.వి. రెడ్డి బడి నేర్పిన పాఠం. ‘ఆదిత్య 369’ ఆ పాఠాన్ని యంత్రానికి వర్తింపజేసింది.

మూడు కాలాలు, ఒక వజ్రం

సినిమా కథను కలిపి ఉంచేది ఒక వజ్రం. రాయల కాలం నాటి ఆ వజ్రం ఇప్పుడు హైదరాబాదు సాలార్‌జంగ్ మ్యూజియంలో ఉంటుంది. పైకి పెద్దమనిషిగా తిరిగే రాజావర్మకు అరుదైన పురాతన వస్తువుల మీద వ్యామోహం. దాన్ని దొంగిలించి, ఆ స్థానంలో నకిలీని పెట్టించాలని చూస్తాడు. మ్యూజియానికి వచ్చిన ఒక పిల్లవాడి కంట ఆ దొంగతనం పడుతుంది. ఆ పాత్రలో నటించిన బాలుడు, తర్వాత హీరోగా పేరు తెచ్చుకున్న తరుణ్. ఈ గొడవలోంచి కృష్ణకుమార్, ప్రొఫెసర్ కూతురు హేమ కాలయంత్రంలోకి చేరి అనుకోకుండా విజయనగరంలో తేలతారు.

కథనపరంగా వజ్రం మంచి ఎంపిక. మూడు కాలాల్లోనూ చెక్కుచెదరకుండా ఉండగలిగే వస్తువు అదే. మనుషులు, రాజ్యాలు, ఊళ్లు మారిపోయినా వజ్రం మారదు. పైగా కృష్ణా తీరంలోని కొల్లూరు గనుల పేరు ప్రపంచమంతా మోగిన నేల ఇది. కొలువులో ఉన్న వజ్రం నాలుగున్నర శతాబ్దాల తర్వాత మ్యూజియం అద్దాల పెట్టెలో కనబడటం తెలుగు ప్రేక్షకుడికి వింతగా అనిపించదు. ఒక వస్తువును రెండు కాలాల్లో చూపిస్తే చాలు, ఆ మధ్య గడిచిన కాలమెంతో చెప్పకుండానే తెలిసిపోతుంది.

రాజావర్మ పాత్ర కూడా ఈ లెక్కలోకే వస్తుంది. అతడు డబ్బు కోసం దొంగతనం చేసే మామూలు విలన్ కాడు. గతాన్ని తన గదిలో తాళం వేసి పెట్టుకోవాలనుకునేవాడు. గతంలోకి పోయి ఏమీ పట్టుకురాకుండా తిరిగి వచ్చే కథానాయకుడికి అతడు సరైన జోడీ. ఇంత చక్కటి ఎదురుబొదురును సినిమా చివరికంటా వాడుకోలేదన్నది విమర్శకుల మాట. రాజావర్మ మోహం గురించి చెప్పిన మాటలు తక్కువ, అతడితో పెట్టిన కొట్లాటలు ఎక్కువ. ముగింపుకు వచ్చేసరికి కాలం గురించిన కథ, 1990ల నాటి ఏ సినిమాలోనైనా ఉండే మంచి చెడుల పోరాటంలోకి జారిపోతుంది.

సినిమాలోంచి వచ్చిన రాయలు

మూడు కాలాల్లో అందరికీ ఎక్కువగా గుర్తున్నది విజయనగరమే. కృష్ణదేవరాయలు 1509 నుంచి 1529 వరకు పాలించారు. కాబట్టి 1526 ఆయన ఏలుబడి చివరి కాలం. పోర్చుగీసు యాత్రికుడు డొమింగో పేస్ 1520 ప్రాంతంలో ఆ నగరాన్ని చూసి, రోము నగరమంత పెద్దదిగా కనిపించిందని రాసుకున్నాడు. సినిమాలో కృష్ణకుమార్ అనుభవించే ఆశ్చర్యం అలాంటి పరదేశి చూపే. తేడా ఒక్కటే. పేస్ దూరదేశం నుంచి వచ్చాడు, కృష్ణకుమార్ దూరకాలం నుంచి వచ్చాడు.

అయితే తెర మీద కనిపించే విజయనగరం చరిత్ర పుస్తకాల్లోది కాదు. కొలువులో తెనాలి రామకృష్ణుడు ఉంటాడు. ఆ పాత్ర చంద్రమోహన్ వేశారు. ‘పాండురంగ మాహాత్మ్యం’ రాసిన రామకృష్ణ కవి రాయల తర్వాతి తరం వాడని చాలామంది సాహిత్య చరిత్రకారుల అభిప్రాయం. అష్టదిగ్గజాల్లో ఎవరెవరు ఉన్నారన్నది కూడా తేలని చర్చే. సినిమా ఆ చర్చ జోలికి పోలేదు. ప్రజల నోళ్లలో నానిన కొలువునే తెర మీద పెట్టింది.

ఆ కొలువు ఎక్కడి నుంచి వచ్చిందో చూస్తే సినిమా అసలు పనితనం తెలుస్తుంది. బి.ఎన్. రెడ్డి ‘మల్లీశ్వరి’ (1951), బి.ఎస్. రంగా ‘తెనాలి రామకృష్ణ’ (1956), కమలాకర కామేశ్వరరావు ‘మహామంత్రి తిమ్మరుసు’ (1962) తెలుగువారికి రాయలను చూపించాయి. వీటిలో రెండో, మూడో చిత్రాల్లో రాయలు ఎన్.టి. రామారావు. ఆయన కుమారుడు బాలకృష్ణ అదే కిరీటం పెట్టుకుని సింహాసనం మీద కూర్చున్నప్పుడు, ప్రేక్షకుడు పదహారో శతాబ్దానికి వెళ్లినంతగానే ముప్పై ఏళ్ల కిందటి నలుపు తెలుపు సినిమాకూ వెళతాడు. తెనాలి రామకృష్ణుడి చమత్కారం, రాజనర్తకి పంతం, కొలువులో నేరారోపణ, తీర్పు, ఇవన్నీ ఆ సినిమాల్లో అతడు ముందే చూసినవే. రాజనర్తకిగా సిల్క్ స్మిత వేసిన పాత్ర కూడా ఆ వరసలోనిదే. యంత్రం ఎక్కి తెలుగు ప్రేక్షకుడు చేరుకున్నది తన సినిమా జ్ఞాపకంలోకే.

దీన్ని లోపం అనవచ్చు, నేర్పు అనీ అనవచ్చు. చరిత్ర కావాలన్నవారికి లోపం. కొత్త ప్రక్రియను ప్రేక్షకుడికి అలవాటు చేయాలంటే అతడికి తెలిసిన చోటికే ముందు తీసుకెళ్లాలన్నవారికి నేర్పు. కాలయంత్రం కొత్త వస్తువు. దాని తలుపు తెరుచుకోగానే కనిపించినది కూడా కొత్తదే అయితే, పల్లెల్లోని టూరింగ్ టాకీసు ప్రేక్షకుడికి పట్టు దొరికేది కాదు.

చోటు మారిన ప్రయాణం

కథనంలో పెద్ద చిక్కు ఒకటి ఇక్కడే ఉంది. వెల్స్ నవలలో యంత్రం కాలంలోనే కదులుతుంది, చోటు మారదు. బయల్దేరిన ఇంటి స్థలమే లక్షల ఏళ్ల తర్వాత పచ్చిక బయలవుతుంది. 1985లో వచ్చిన హాలీవుడ్ చిత్రం ‘బ్యాక్ టు ది ఫ్యూచర్’ కూడా అదే నియమం పాటించింది. కుర్రవాడు 1955కు వెళ్లినా అదే ఊరిలో, అదే గడియారపు బురుజు కింద ఉంటాడు. ‘ఆదిత్య 369’లో యంత్రం కాలంతోపాటు చోటునూ మార్చేసింది. హైదరాబాదు నుంచి వెనక్కి వెళ్లినవాళ్లు 1526లో దిగాల్సింది గోల్కొండ కోట చుట్టుపక్కల. హైదరాబాదు నగరం పుట్టింది 1591లో. 1526 నాటికి గోల్కొండను ఏలుతున్నవాడు సుల్తాన్ కులీ కుతుబ్ షా. అక్కడి నుంచి తుంగభద్ర ఒడ్డున ఉన్న విజయనగరం వందల మైళ్ల దూరం.

ఈ నియమం ఎందుకు ముఖ్యమో ఖమ్మం, భద్రాచలం అడవుల సరిహద్దును ఉదాహరణగా తీసుకుంటే తేలిగ్గా తెలుస్తుంది. ఖమ్మం కోట కింద నిలబడి 1515 ప్రాంతానికి వెళితే, రాయల సైన్యం నిజంగానే అటు వచ్చిన కాలం అది. గజపతులపై యుద్ధంలో ఆయన గెలిచిన తెలంగాణ దుర్గాల వరసలో కంబంమెట్టు అన్న ఖమ్మం పేరు శాసనాల్లో ఉంది. భద్రాచలం గోదావరి ఒడ్డున నిలబడి 1526కు వెళితే ఇప్పుడున్న గుడి కనబడదు. నేలకొండపల్లిలో పుట్టి, పాల్వంచ పరగణాకు తహసీల్దారైన కంచర్ల గోపన్న ఆ గుడి కట్టించింది పదిహేడో శతాబ్దంలో, గోల్కొండ సుల్తాన్ తానీషా ఏలుబడిలో. ఇంకా వెనక్కి పోతే పినపాక అడవుల్లోని జానంపేట దగ్గర పెద్ద పెద్ద రాతి పలకలతో సమాధులు కట్టుకున్న మనుషులు ఎదురవుతారు. ఇంకా ఇంకా వెనక్కి పోతే ఇల్లందు బొగ్గుగా మారిన అడవి పచ్చగా నిలబడి ఉంటుంది. 1871లో దొరికిన ఆ బొగ్గు వయసు పాతిక కోట్ల ఏళ్లకు పైమాటే.

ఇలా ఒకే చోట కాలాలు పొరలు పొరలుగా పేరుకుని ఉంటే, పోలిక దానంతటదే పుడుతుంది. మొన్నటి అడవి, నిన్నటి కోట, ఇవాళ్టి బస్టాండు ఒకదాని వెనక ఒకటి కనిపిస్తాయి. దుమ్ముగూడెం దగ్గరి పర్ణశాలకు వెళ్లిన యాత్రికుడికి ఈ అనుభవం కొత్తకాదు. సీతమ్మ చీర ఆరేసుకుందని చెప్పే రాతిని ఇవాళ్టి టీకొట్టుకు నాలుగడుగుల దూరంలో చూస్తాడు. త్రేతాయుగమూ వర్తమానమూ ఆ రాతి మీద పక్కపక్కనే ఉంటాయి. ‘ఆదిత్య 369’ చోటు మార్చడం వల్ల ఈ రకమైన పోలికను వదులుకుంది. వైభవం కావాలంటే హంపీకి పోక తప్పదని దర్శకుడు అనుకుని ఉండవచ్చు. వైభవం దక్కింది గానీ, ఒకే నేల మీద కాలం చేసిన పని కనబడకుండా పోయింది. హైదరాబాదు నుంచి విజయనగరం దాకా సాగిన ఆ దూరాన్ని కలిపే దారం మళ్లీ వజ్రమే.

శాస్త్రం ఎంత

కాలప్రయాణం గురించి శాస్త్రం చెప్పేది సగం అవును, సగం కాదు. ఐన్‌స్టీన్ 1905లో ప్రకటించిన సాపేక్షతా సిద్ధాంతం ప్రకారం వేగంగా కదిలే గడియారం నెమ్మదిగా నడుస్తుంది. 1971లో విమానాల్లో అణు గడియారాలను పెట్టి భూమి చుట్టూ తిప్పి ఈ తేడాను కొలిచారు. ఫోన్లలో దారి చూపించే జీపీఎస్ ఉపగ్రహాల గడియారాలు, వేగమూ గురుత్వమూ కలిసి చేసే ప్రభావం వల్ల, నేల మీది గడియారాల కన్నా రోజుకు సుమారు 38 మైక్రోసెకన్లు ముందుకు పోతాయి. దాన్ని సరిచేయకపోతే దారి తప్పుతుంది. అంటే భవిష్యత్తులోకి కాస్త ముందుగా చేరడం సిద్ధాంతరీత్యా సాధ్యమే. వెనక్కి పోవడానికి మాత్రం ఇప్పటివరకు దారి లేదు. వెనక్కి పోయి సొంత తాతను పెళ్లికి ముందే అడ్డుకుంటే తాను ఎలా పుడతాడన్న చిక్కుముడి దగ్గర ఆలోచన ఆగిపోతుంది.

‘ఆదిత్య 369’ ఈ చిక్కుముడిని విప్పడానికి కూర్చోలేదు. రాయల కొలువులో ఇరవయ్యో శతాబ్దపు మనిషి అంత హడావిడి చేసి వచ్చినా, తిరిగి వచ్చాక చరిత్రలో ఏ మార్పూ కనబడదు. ‘బ్యాక్ టు ది ఫ్యూచర్’ బలమంతా అలాంటి మార్పులోనే ఉంది. అక్కడ కుర్రవాడు గతంలో వేసిన ప్రతి అడుగూ అతడి సొంత ఉనికికే ముప్పు తెస్తుంది. తెలుగు సినిమాలో ప్రాణాపాయం ఉంది గానీ కాలాపాయం లేదు. సైన్స్ ఫిక్షన్ అభిమానులు ఎక్కువగా పట్టుకునే లోపం ఇదే, ఆ విమర్శ న్యాయమైనదే.

దీనికి మరో వైపు కూడా ఉంది. కాలం మీద తెలుగువారి కథలు తాత చిక్కుముడి చుట్టూ పెరగలేదు. భాగవతంలో కకుద్మి కథ ఉంది. కకుద్మి మహారాజు కూతురు రేవతికి వరుణ్ణి అడగడానికి బ్రహ్మలోకానికి వెళతాడు. అక్కడ పాట అయ్యేదాకా కాసేపు ఆగుతాడు. ఆ కాసేపట్లో భూమ్మీద ఇరవై ఏడు మహాయుగాలు గడిచిపోతాయి. అతడు అనుకున్న వరులే కాదు, వాళ్ల మనవళ్ల పేర్లు కూడా మిగలవు. తిరిగొచ్చి రేవతిని బలరాముడికిచ్చి పెళ్లి చేస్తాడు. ‘మాయాబజార్’లో శశిరేఖ తల్లిగా ఛాయాదేవి వేసినది ఈ రేవతినే. యుగాలు దాటొచ్చిన ఆ కోడలి గురించి విన్న ప్రేక్షకుడు కాలప్రయాణాన్ని తర్కంగా కాక విధిగా చూస్తాడు. వెళ్లినవాడు లోకాన్ని మార్చడు, లోకమే అతడికి కొత్తదవుతుంది. ‘ఆదిత్య 369’ కాలాన్ని చూసిన పద్ధతి వెల్స్ కన్నా దీనికే దగ్గర.

2504: ఊరూ పేరూ లేని భవిష్యత్తు

యంత్రం రెండోసారి 2504కు వెళుతుంది. అప్పటికి నేల పైభాగం అణుధార్మికతతో నిండి, మనుషులు నేల కింద బతుకుతుంటారు. వెల్స్ నవలలోని భూగర్భ జాతి నీడ ఇక్కడ కనిపిస్తుంది. 1986లో చెర్నోబిల్ ప్రమాదం జరిగింది. అమెరికా, సోవియట్ యూనియన్‌ల అణ్వాయుధ పోటీ అప్పటికింకా జనం భయాల్లో ఉంది. ఆ కాలంలో తీసిన సినిమా అణుభయాన్ని భవిష్యత్తుగా ఊహించడం సహజమే.

అయినా సినిమాలో బలహీనమైన భాగం ఇదేనని అభిమానులు కూడా ఒప్పుకుంటారు. డబ్బు తక్కువై సెట్లు తేలిపోయాయన్నది సాధారణంగా చెప్పే కారణం. అందులో నిజం లేకపోలేదు. ఈ సినిమా వచ్చిన నెలలోనే అమెరికాలో విడుదలైన ‘టెర్మినేటర్ 2’కు అయిన ఖర్చు దాదాపు 10 కోట్ల డాలర్లు. కంప్యూటరు బొమ్మలతో లోహపు మనిషిని కరిగించి చూపించిన సినిమా అది. తెలుగు చిత్రానికి అలాంటి సరంజామా లేదు. మెరిసే బట్టలు, మిణుకుమనే దీపాలు, అట్టతో చెక్కతో కట్టిన గదులతోనే అంతా చేయాల్సి వచ్చింది.

కానీ అసలు కారణం డబ్బు కాదు. విజయనగరం సెట్టు కూడా అట్టే, చెక్కే. అది నమ్మించింది, ఇది నమ్మించలేదు. రాయల కొలువుకు ప్రేక్షకుడి దగ్గర ముందే ఒక రూపం ఉంది. తెర మీద సగం చూపిస్తే మిగతా సగం అతడు పూరించుకున్నాడు. 2504కు అలాంటి జ్ఞాపకం లేదు. తెర మీద ఎంత కనబడితే అంతే. పైగా ఆ భవిష్యత్తుకు ఊరు లేదు, నది లేదు, గుర్తుపట్టగల ఒక్క ఆనవాలూ లేదు. ప్రపంచంలో ఎక్కడైనా ఉండగల సొరంగం అది.

ఆ ఆనవాళ్లు దూరంగా ఏమీ లేవు. 1991లోనే భద్రాచలానికి దగ్గర్లో మణుగూరు పక్కన అశ్వాపురంలో భారజల కర్మాగారం ఉత్పత్తి మొదలుపెట్టింది. అణు రియాక్టర్లలో వాడే భారజలం అక్కడ తయారవుతుంది. అక్కడికి కొద్ది దూరంలోనే సింగరేణి గనుల్లో కార్మికులు రోజూ నేల కిందికి దిగుతున్నారు. గోదావరి 1986 ఆగస్టులో భద్రాచలం దగ్గర 75.6 అడుగులకు చేరి, ఊరు మునిగిన జ్ఞాపకం అప్పటికి ఐదేళ్లదే. అణుశక్తి, భూగర్భ జీవితం, ప్రళయం, సినిమా ఊహించిన మూడూ ఒకే అడవి అంచున నిజంగా ఉన్నాయి. భవిష్యత్తులోని మనిషి గోదావరి ఎక్కడుందని అడిగినా, పాత గనిలో కాపురం పెట్టినా ఆ భాగం ప్రేక్షకుడికి తగిలేది. గతాన్ని తెలుగు చేసినంత శ్రద్ధగా భవిష్యత్తును తెలుగు చేయకపోవడమే 2504లోని వెలితి.

చూపు, మాట, పాట

దృశ్యపరంగా సినిమాకు మంచి పేరే ఉంది. పి.సి. శ్రీరామ్, వి.ఎస్.ఆర్. స్వామి, కబీర్ లాల్ అనే ముగ్గురు ఛాయాగ్రాహకులు దీనికి పనిచేశారు. కళాదర్శకుడు పేకేటి రంగా. ఒక సినిమాకు ముగ్గురు ఛాయాగ్రాహకులంటే మామూలుగా అతుకులు కనబడతాయి. ఇక్కడ మూడు కాలాలు ఉండటంతో ఆ తేడా కథకు అడ్డం రాలేదు.

జంధ్యాల మాటలు విజయనగర భాగానికి ప్రాణం పోశాయి. కొలువులో గ్రాంథికం, కృష్ణకుమార్ నోట వాడుక భాష ఎదురెదురుగా నిలబడతాయి. కాలాల మధ్య దూరం సెట్లలో కన్నా ఈ మాటల్లోనే ఎక్కువగా తెలుస్తుంది. నిజానికి పదహారో శతాబ్దపు తెలుగు ఈ రెండింటిలో ఏదీ కాదు. సినిమా కొలువుల్లో వినిపించే గ్రాంథికం పౌరాణిక నాటకాలు, సినిమాలు తయారుచేసుకున్న భాష. ఆ భాషతో హాస్యం పుట్టించడంలో జంధ్యాలకు ఉన్న పట్టు సినిమాకు లాభించింది.

ఇళయరాజా పని ఇంకా సూక్ష్మమైనది. యంత్రం కాలం దాటే వేళ ఒక రకం ధ్వని, రాయల కొలువులో శాస్త్రీయ సంగీతపు నడక, వర్తమానంలో కుర్రకారు హుషారు, ఇలా మూడు కాలాలకు మూడు చెవులు ఇచ్చారు. విజయనగరంలోని ‘జాణవులే’ పాటలో బాలసుబ్రహ్మణ్యంతోపాటు జిక్కి గొంతు వినిపిస్తుంది. 1950ల సినిమా పాటల్లో వెలిగి, తర్వాత అరుదుగా పాడిన గాయని ఆమె. గతంలోకి వెళ్లిన పాటకు గతంలోంచి వచ్చిన గొంతును తేవడం, ఎన్.టి.ఆర్. కుమారుడికి రాయల కిరీటం పెట్టడం లాంటిదే. జిక్కి పేరు తెలియని శ్రోతకు కూడా ఆ గొంతులో పాతకాలపు వాసన తగులుతుంది.

వెల్స్ తిట్టిన సినిమా

కథ బలహీనంగా ఉన్నా కళ నిలబడిన సినిమాలపై చర్చ ప్రపంచమంతటా ఉన్నదే. జర్మన్ దర్శకుడు ఫ్రిట్జ్ లాంగ్ 1927లో తీసిన ‘మెట్రోపాలిస్’ అందుకు ముఖ్య ఉదాహరణ. అందులోనూ కూలీలు భూగర్భ నగరంలో బతుకుతారు. ఆ సినిమా చూసిన హెచ్.జి. వెల్స్, ఇంత తెలివితక్కువ చిత్రం మరొకటి ఉండదన్నట్టు అదే ఏడాది పత్రికలో దుయ్యబట్టారు. యంత్రాలు పెరిగితే కూలి శ్రమ తగ్గాలి గానీ పెరగడమేమిటన్నది ఆయన తర్కం. తర్కంలో ఆయన పొరపడలేదు. అయినా ఆ నగరపు దృశ్యాలు తర్వాతి తరాల సినిమాలన్నింటికీ బాట వేశాయి. 2001లో యునెస్కో ప్రపంచ స్మృతి జాబితాకు ఎక్కిన మొదటి సినిమా అదే.

స్టాన్లీ కూబ్రిక్ ‘2001: ఎ స్పేస్ ఒడిస్సీ’ (1968) ఇంకో వైపు నిలుస్తుంది. తొలి ఇరవై నిమిషాలకు పైగా మాటే ఉండదు. శాస్త్ర వివరాల్లో జాగ్రత్త ఎక్కువ, మనుషుల మధ్య కథ తక్కువ. విడుదలైనప్పుడు విసుగని కొందరు, మహాకావ్యమని కొందరు చీలిపోయారు. మాటలు లేకుండా నవ్వించి, ఏడిపించిన ‘పుష్పక విమానం’ (1987) తీసిన సింగీతానికి నిశ్శబ్దం విలువ తెలియనిది కాదు. అయినా ‘ఆదిత్య 369’లో ఆయన ఆ దారి పట్టలేదు. పాటలు, హాస్యం, కొట్లాటలతో ఇంటిల్లిపాదీ కలిసి చూసే సినిమా తీశారు. కూబ్రిక్ కొలతతో కొలిస్తే ఇది చిన్న సినిమా. ఒక కొత్త ప్రక్రియను మామూలు ప్రేక్షకుడి నట్టింటికి తేవడమన్న కొలతతో చూస్తే పెద్ద సినిమా.

తరువాతి దారి

చిత్రం తమిళంలోకి, హిందీలోకి కూడా అనువాదమైంది. తెలుగులో మాత్రం దాని వెనకే కాలప్రయాణ చిత్రాలు వరస కట్టలేదు. మళ్లీ అలాంటి సినిమాలు ఊపందుకోవడానికి దాదాపు మూడు దశాబ్దాలు పట్టింది. 2022లో రెండు వచ్చాయి. ‘బింబిసార’ పురాతన రాజును వర్తమానంలోకి తెచ్చింది. ‘ఒకే ఒక జీవితం’ చనిపోయిన తల్లిని మళ్లీ చూసుకోవడానికి బాల్యంలోకి వెళ్లే కొడుకు కథ చెప్పింది. ‘ఆదిత్య 369’ వదిలేసిన ప్రశ్నను ఈ రెండో చిత్రం చేతికి తీసుకుంది. గతాన్ని మారిస్తే ఏమవుతుంది, మార్చవచ్చా అన్నదే దాని కథ. 2024లో వచ్చిన ‘కల్కి 2898 ఏడీ’ భవిష్యత్తు నగరానికి కాశీ పేరు పెట్టి, మహాభారతపు అశ్వత్థామను అందులో నడిపించింది. 2504కు లేని ఊరూ పేరూ జ్ఞాపకమూ అక్కడ ఉన్నాయి. ఆ చిత్రానికి సలహాదారుగా సింగీతం పనిచేశారు.

‘ఆదిత్య 369’ 2025 ఏప్రిల్ 4న 4కే రూపంలో మళ్లీ థియేటర్లకు వచ్చింది. స్పష్టత పెరిగిన తెర మీద సెట్ల అతుకులు మునుపటికన్నా బాగా కనబడతాయి. యంత్రం కథ తర్కం ముందు ఎక్కడ ఆగిపోతుందో, 2504 ఎక్కడ తేలిపోతుందో కూడా అంతే స్పష్టంగా తెలుస్తుంది. రాయల కొలువు తలుపు తెరుచుకున్న చోట మాత్రం ఈ లెక్కలేవీ ప్రేక్షకుడికి గుర్తురావు. వజ్రం, గ్రాంథికం, జిక్కి గొంతు, ఎన్.టి.ఆర్. నీడ కలిసి అక్కడ చేసిన పని 1991లో ఎలా ఉందో ఇప్పుడూ అలాగే ఉంది.